మేదస్సు – మేధస్సు – సాక్షి

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయములో ఉద్దాలక మహర్షి తన కుమారుడైన శ్వేతకేతువునకు ఒక విచిత్రమైన పరీక్ష పెట్టెను. 15 దినములు అన్నము ముట్టక, నీరు మాత్రము త్రాగుచు ఉండుమని ఆదేశించెను. గడువు తీరిన పిదప వేదమును వల్లింపుమనగా, 12 సంవత్సరములు గురుకులములో అభ్యసించిన విద్యలో ఒక్క మంత్రమైనను ఆ కుమారునకు స్ఫురింపలేదు. భోజనము చేసి తిరిగి వచ్చిన తరువాత, అడిగినదానికెల్ల సమాధానము చెప్పగలిగెను. మనస్సు అన్నమయమని, భుజించిన అన్నములోని సూక్ష్మాంశమే మనస్సుగా పరిణమించునని తండ్రి చేసిన ఉపదేశమునకు ఈ పరీక్ష ప్రత్యక్ష నిదర్శనము.

ఈ వృత్తాంతమును వినిన జిజ్ఞాసువు దాని రెండవ ముఖమును కూడ విచారింపవలసి యున్నది. అన్నము లోపించినచో స్మృతి మరుగుపడును. మరి అన్నము అధికమై, అది దేహములో మేదస్సుగా పేరుకొన్నచో మనస్సునకు ఏమి సంభవించును? గత ముప్పది సంవత్సరములుగా శరీరశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను ప్రయోగశాలలలో పరిశోధించుచున్నారు. వారికి లభించిన సమాధానము సాధకునకు మిక్కిలి ఉపయోగకరము. ఏలయన, అది అతని సాధనా పరికరమును గూర్చినది.

ప్రతి సత్సంగములోను ఇట్టి సాధకుడు ఒకడైనను ఉండును. వయస్సు ఏబది దాటినది. పగలంతయు కుర్చీలో కూర్చుండి చేయు ఉద్యోగము. పది సంవత్సరములలో నడుము చుట్టుకొలత మెల్లమెల్లగా పెరిగినది. ఒకప్పుడు విష్ణుసహస్రనామమును పుస్తకము చూడకుండ పారాయణము చేసినవాడు నేడు నడుమ తడబడి వెనుకకు మరలుచున్నాడు. జపమాల చేతిలో ఉండగనే కునికిపాట్లు. నిన్న వినిన ప్రవచనము నేడు జ్ఞప్తికి రాదు. కారణము తెలియని దిగులు ఉదయము నుండియే వెంటాడును. "నాలో తమోగుణము ప్రబలినది, భగవంతుడు నన్ను విడిచినాడు" అని అతడు లోలోపల నిశ్చయించుకొనును. ప్రక్కనున్నవారు "ముందు తిండి తగ్గించవయ్యా, భక్తి అదే వస్తుంది" అని పరిహాసమాడుదురు. అతడు నవ్వి ఊరకుండును. కొన్ని మాసములకు సత్సంగమునకు వచ్చుటయే మానుకొనును. ఒక జీవుడు తన సాధననే వదలుకొనుటకు సిద్ధపడిన ఈ స్థితిలో, అతనికి సంభవించినదేమో సరిగా తెలియజెప్పుట ధర్మము.

మేదస్సు దేహములో నిల్వచేయబడిన ఇంధనము మాత్రమేనని చిరకాలము భావింపబడినది. ఆ భావన ఇప్పుడు నిలువదు. 1993లో స్థూలకాయముగల ఎలుకల కొవ్వు కణజాలము నుండి టీఎన్ఎఫ్-ఆల్ఫా అను శోథకారక ద్రవ్యము ఉత్పత్తి అగుచున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. 1994లో న్యూయార్కులోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను హార్మోనుకు మూలమైన జన్యువును గుర్తించినది. కొవ్వు కణములు ఈ లెప్టిన్‌ను విడుదల చేసి, "నిల్వలు చాలును" అను సందేశమును మెదడునకు పంపుచుండును. 2003లో, స్థౌల్యమునందు కొవ్వు కణజాలములోనికి మాక్రోఫేజులను రక్షక కణములు పెద్దసంఖ్యలో చేరుచున్నట్లు తెలిసినది. అనగా మేదస్సు జడమైన మూట కాదు. నిరంతరము సందేశములు పంపు ఒక అవయవము.

ఇచట శోథ అనగా ఇన్‌ఫ్లమేషన్. గాయము తగిలినచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగుట మనకు తెలిసినదే. అది దేహరక్షణకై ఏర్పడిన వ్యవస్థ. పని ముగిసిన పిదప శమించును. స్థౌల్యమునందు కలుగు శోథ అట్టిది కాదు. అది మందముగా, నొప్పి లేకుండ, సంవత్సరముల తరబడి సాగును. హోమము ముగిసినను ఆరని నిప్పు వలె అది తనకు ఆశ్రయమైన గృహమునే మెల్లగా కాల్చుచుండును. సైటోకైన్లు అనబడు శోథకారక అణువులు రక్తములో కలిసి దేహమంతటను సంచరించును.

రక్తమునకును మెదడునకును నడుమ ప్రకృతి ఒక కట్టుదిట్టమైన అడ్డుతెరను నిర్మించినది. అయినను శోథ యొక్క ప్రభావము పలుమార్గములలో లోపలికి చేరును. కొన్ని అణువులు అడ్డుతెరను దాటును. కొన్ని సందేశములు ఉదరమునుండి మెదడు వరకు వ్యాపించిన వేగస్ నాడి ద్వారా పోవును. మెదడులో మైక్రోగ్లియా అను కావలి కణములు కలవు. స్పెయిన్ దేశీయుడైన పియో దెల్ రియో ఒర్తేగా 1919లో వీటిని ప్రత్యేకముగా గుర్తించి పేరు పెట్టెను. శాంతస్థితిలో ఇవి నాడీసంధులను శుభ్రపరచుచు, వాటిని కాపాడుచు ఉండును. శోథ సందేశములు ఎడతెగక అందినప్పుడు ఇవియే ఉద్రిక్తములై నాడీకణముల పరస్పర సంభాషణకు విఘ్నము కలిగించును.

2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అధిక కొవ్వుగల ఆహారమునిచ్చిన ఎలుకలలో, బరువు చెప్పుకోదగినంతగా పెరుగుటకు ముందే, ఒకటి నుండి మూడు దినములలోనే హైపోథాలమస్ అను భాగమున శోథ లక్షణములు కనిపించెను. స్థూలకాయులైన మానవుల ఎమ్మారై చిత్రములలోను ఆ ప్రాంతమున కణజాలపు మార్పులను సూచించు గుర్తులు కనబడెను. ఆకలిని, తృప్తిని నియమించు కేంద్రము ఈ హైపోథాలమస్‌యే. దానికే శోథ కలిగినచో, లెప్టిన్ పంపిన "చాలును" అను సందేశము అచట సరిగా వినబడదు. నిల్వలు నిండియున్నను మెదడునకు లోటే తోచును.

చరక సంహిత సూత్రస్థానములోని 21వ అధ్యాయము అతిస్థూలుని స్థితిని వర్ణించుచు, మేదస్సు స్రోతస్సులను అవరోధింపగా వాయువు కోష్ఠములో సంచరించి జఠరాగ్నిని ప్రజ్వలింపజేయునని, అందుచే అతనికి ఆహారము శీఘ్రముగా జీర్ణమై మరల ఆకాంక్ష కలుగునని చెప్పినది. అధికమైన ఆకలియు, అధికమైన దప్పికయు అతిస్థూలునికి కలుగు ఎనిమిది దోషములలో చేరినవి. ప్రాచీన వైద్యులు లెప్టిన్‌ను ఎరుగుదురని దీని అర్థము కాదు. అట్లు చెప్పుట వారికిని, నేటి పరిశోధకులకును న్యాయము చేయుట కాదు. అయితే స్థూలుని ఆకలి అతని వ్యాధిలో భాగమే కాని కేవలము జిహ్వాచాపల్యము కాదని వారు రోగిని ప్రత్యక్షముగా పరిశీలించి గ్రహించిరి. ఆ కరుణాపూర్ణమైన దృష్టి మనకు కావలెను.

ఇక ఆలోచనాశక్తి విషయము. ఆయుర్వేదము బుద్ధివ్యాపారమును ధీ, ధృతి, స్మృతి అని మూడుగా విభజించినది. ధీ అనగా హితాహితములను ఉన్నవి ఉన్నట్లు నిశ్చయించు శక్తి. ధృతి అనగా విషయములవైపు పరుగిడు మనస్సును నిలుపు శక్తి. స్మృతి అనగా అనుభూతమైనదానిని, తెలిసినదానిని సమయమునకు తెచ్చుకొను శక్తి. ఈ మూడును భ్రంశము చెందినప్పుడు మనుష్యుడు చేయు అహితకర్మకు ప్రజ్ఞాపరాధమని పేరు.

స్థౌల్యమునకును మెదడునకును గల సంబంధమును పరిశీలించిన శాస్త్రజ్ఞులు దాదాపు ఈ మూడు స్థానములనే తాకిరి. క్రొత్త విషయములను స్మృతిలో నిలుపు హిప్పోకాంపస్ అను భాగము శోథకును, ఇన్సులిన్ సందేశము సరిగా పనిచేయకపోవుటకును సులభముగా లోబడును. నుదుటి వెనుకనున్న మెదడు భాగము నిర్ణయమునకు, నిగ్రహమునకు ఆధారము. స్థూలకాయులపై జరిగిన పలు పరీక్షలలో ఈ నిగ్రహశక్తి, ఏకాగ్రత సగటున కొంత తగ్గియున్నట్లు కనబడినది. తేడా ప్రతివ్యక్తిలోను ఉండదు. ఉన్నచోట కూడ సాధారణముగా స్వల్పమే. అయినను కాలము గడచినకొలది దాని ఫలము చిన్నది కాదు. ఉత్తర కాలిఫోర్నియాలో 40 నుండి 45 సంవత్సరముల వయస్సుగల 10,276 మందిని సగటున 27 సంవత్సరములు అనుసరించిన ఒక అధ్యయనము 2005లో ప్రచురితమైనది. నడివయస్సున స్థూలకాయులైనవారికి, సాధారణ బరువు గలవారికంటె, వృద్ధాప్యమున మతిమరుపు వ్యాధి కలుగు అవకాశము 74 శాతము అధికముగా ఉన్నట్లు అందు తేలినది.

ఇచట ఒక చక్రము గోచరించును. ప్రజ్ఞాపరాధము వలన మితిమీరిన ఆహారము. మితిమీరిన ఆహారము వలన మేదస్సు. మేదస్సు వలన శోథ. శోథ వలన ధీ, ధృతి, స్మృతుల మాంద్యము. ఆ మాంద్యము వలన మరల ప్రజ్ఞాపరాధము. ఏ ధృతి చేత సాధకుడు ఆహారమును నియమింపవలెనో, ఆ ధృతికే గాయము తగిలియున్నది. కాలు విరిగినవానిని "లేచి నడువుము, కాలు బాగుపడును" అని గద్దించుట ఎట్టిదో, ఇట్టివానిని "నిగ్రహము లేనివాడవు" అని నిందించుట అట్టిదే.

మనోభావముల విషయము మరింత సూక్ష్మమైనది. జ్వరము వచ్చిన దినమున మనస్సు ఎట్లుండునో అందరికి అనుభవమే. ఎవరితోను మాటలాడ బుద్ధిపుట్టదు. ఇష్టమైన పాట కూడ రుచింపదు. ముడుచుకొని పడుకొనవలెనని తోచును. ఇది శోథకారక అణువులు మెదడుపై కలిగించు ప్రభావము. పూర్వము హెపటైటిస్-సి వ్యాధికి ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా అను మందును మాసముల తరబడి ఇచ్చెడివారు. అది స్వయముగా శోథ సందేశమునిచ్చు ద్రవ్యము. అంతకు ముందు ఏ మనోవ్యాధియు లేనివారిలో సైతము పలువురు ఆ చికిత్సాకాలమున తీవ్రమైన విషాదమునకు లోనైరి. దుఃఖమునకు బాహ్యకారణము లేదు. రక్తములో ప్రవేశించిన ఒక అణువే కారణము.

స్థౌల్యమునందు శోథ అంత తీవ్రము కాదు, కాని దీర్ఘము. 2010లో అనేక అధ్యయనములను సమీకరించి చేసిన విశ్లేషణలో, స్థూలకాయులకు తరువాతి కాలమున డిప్రెషన్ కలుగు అవకాశము 55 శాతము అధికమని, డిప్రెషన్ ఉన్నవారు స్థూలకాయులగు అవకాశము 58 శాతము అధికమని తేలినది. ఇరుదిశలను సాగు బంధమిది. అయితే విషాదమంతయు శోథజన్యమేయని తీర్మానించుటయు తప్పే. 2013లో, మందులకు లొంగని డిప్రెషన్ గల 60 మందిపై శోథను అణచు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను ఔషధమును పరీక్షించిరి. మొత్తము మీద అది ఉత్తుత్తి మందుకంటె మేలు చేయలేదు. రక్తములో శోథసూచకము అధికముగా ఉన్నవారిలో మాత్రము ప్రయోజనము కనబడినది. కావున కొందరి దుఃఖమునకు శోథ ముఖ్యకారణము, కొందరికి నిద్రలేమి, కొందరికి ఒంటరితనము, మరికొందరికి ఇతరుల పరిహాసమే. సత్సంగములో విసరిన ఒక ఎకసెక్కపు మాట కూడ వ్యాధికారణములలో చేరునని మరువరాదు.

నిందకు తావులేదనుటకు మరొక హేతువు కలదు. చరకుడు స్థౌల్యకారణములను లెక్కించుచు అతిభోజనమును, వ్యాయామము లేకుండుటను, పగటినిద్రను చెప్పి, చివర బీజస్వభావమును కూడ చేర్చెను. అనగా తల్లిదండ్రుల నుండి సంక్రమించిన ప్రకృతి. ఇక కంటికి కనబడు ఆకారము ఎంత మోసపుచ్చునో చెప్పు ఉదాహరణ 2004లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. పుణె నగర వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆంగ్లదేశీయుడైన జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలిచి చిత్రము తీయించుకొనిరి. ఇరువురి బీఎంఐ 22.3 మాత్రమే. కాని దేహములోని కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము. చూపులకు సన్నగానున్న భారతీయుని లోపల మేదస్సు దాగియుండవచ్చును. అందుచేతనే మనదేశపు వైద్యులు బీఎంఐ 25 దాటినచో స్థౌల్యముగా పరిగణింతురు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదందురు. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనము ప్రకారము దేశములోని వయోజనులలో 39.5 శాతము మందికి ఉదరస్థౌల్యము కలదు. పరిహసించువాడు కూడ ఒకసారి తన నడుమును కొలుచుకొనుట మంచిది.

ఇప్పుడు తత్త్వవిచారమునకు వత్తము. ఆ సాధకుని అసలు వేదన "నేను మందుడనైతిని, నేను పతితుడనైతిని" అను భావము. భగవద్గీత 13వ అధ్యాయము క్షేత్రమును వివరించుచు, దేహమును, ఇంద్రియములను, బుద్ధిని మాత్రమే కాక, ఇచ్ఛను, ద్వేషమును, సుఖమును, దుఃఖమును, తుదకు ధృతిని కూడ క్షేత్రములోనే చేర్చినది. ఇది గమనింపదగినది. ధైర్యము, నిగ్రహము అనునవి "నేను" అని భ్రమించుట సాధకులలో సహజము. గీత వానిని తెలియబడు వస్తువులలో ఉంచినది. పొలములో నీరు నిలిచి పైరు పచ్చబారినప్పుడు రైతు తాను పచ్చబారితినని ఏడ్వడు. గట్టు తెగగొట్టి నీటిని పోవిడుచును. స్మృతి తప్పుచున్నదని ఎవనికి తెలియుచున్నదో, దిగులు కమ్మినదని ఎవడు గుర్తించుచున్నాడో, ఆ క్షేత్రజ్ఞునకు శోథ లేదు. మాంద్యమును ప్రకాశింపజేయు చైతన్యము మందము కాదు.

అయితే "నేను సాక్షిని" అని చెప్పి క్షేత్రమును ఉపేక్షించుట వేదాంతము కాదు. తైత్తిరీయోపనిషత్తు అన్నమయకోశము నుండియే విచారమును ప్రారంభించినది. దానిని దాటి పోవువాడు దానిమీదుగానే పోవలెను. శ్రవణ మనన నిదిధ్యాసనములు మూడును ఈ మెదడు సహాయముతోనే జరుగవలెను. తమస్సు అని ఒక్క పేరుపెట్టి ఊరకుండక, ఆ తమస్సునకు దేహములో మూలమెచటనో వెదకుటయు సాధనయే.

ఆచరణలో ఇది సులభమైన విషయములతో మొదలగును. మొదట వైద్యపరీక్ష. థైరాయిడ్ లోపము, బి12 లోపము, మధుమేహము, నిద్రలో శ్వాస ఆగుచుండు స్లీప్ ఆప్నియా, ఇవి అన్నియు జపములో కునికిపాటును, మతిమరుపును కలిగింపగలవు. అన్నిటికిని చికిత్స కలదు. గట్టి గురక, పగటి మత్తు ఉన్నవారు తమస్సని సరిపెట్టుకొనక వైద్యుని చూడవలెను. విషాదము రెండు వారములకు మించి వీడనిచో మనోవైద్యుని ఆశ్రయించుట భక్తికి లోపము కాదు. అవసరమైనవారికి బరువు తగ్గించు ఔషధములు, శస్త్రచికిత్స కూడ ధర్మవిరుద్ధములు కావు. అట్టి శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో 12 వారములకే స్మృతి పరీక్షలలో మెరుగుదల కనబడినట్లు 2011లో ఒక అధ్యయనము తెలిపినది. అనగా మందగించిన మేధ మరల తేరుకొనగలదు.

ఇక ఆహారము. మన ఏకాదశి ఉపవాసము అనేక గృహములలో అన్నమునకు మారుగా ఉప్మా, అట్లు, వేయించిన పలహారముగా మారినది. వ్రతదినమున రవ్వ, చక్కెర, నెయ్యి కలిపిన ప్రసాదము పిడికెడు కాక పళ్ళెము నిండ పంచబడుచున్నది. ప్రసాదము కణమైనను ప్రసాదమే. పరిమాణముతో అనుగ్రహము పెరుగదు. అట్లని మితిమీరిన ఉపవాసములతో దేహమును శిక్షించుటయు తగదు. అధికముగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదని గీత 6వ అధ్యాయములో భగవానుడు స్పష్టము చేసెను. నిద్ర విషయములోను అదే నియమము. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడుగక ఉపవసించుట ప్రమాదకరము. ప్రతిదినము నడక, వేళకు నిద్ర, పప్పు కూరలు ఎక్కువగాను, మెరుగుపట్టిన బియ్యము, చక్కెర, వేపుడు తక్కువగాను ఉన్న భోజనము, ఇవి శోథను నెమ్మదింపజేయు మార్గములు. నామజపము చేయుచు గుడి చుట్టు ప్రదక్షిణములు చేసినచో నడకయు, జపమును ఏకకాలమున సాగును.

ధృతి బలహీనమైనప్పుడు దానిపైననే భారమంతయు మోపక, పరిసరములను మార్చుట వివేకము. ఇంటిలో మిఠాయి డబ్బా లేనిచో దానిని నిరాకరించు ధృతి అవసరపడదు. కుటుంబమంతయు ఒకే మితాహారమును స్వీకరించినచో ఒకరు వేరుగా తపస్సు చేయవలసిన పనియుండదు. సత్సంగ నిర్వాహకులు ప్రవచనానంతర ఫలహారములో వడలకు బదులు వడపప్పు, పండ్లు పంచవచ్చును. నేలపై కూర్చుండలేనివారికి రెండు కుర్చీలు వేయవచ్చును. పారాయణములో తడబడినవానికి పుస్తకమును అందించి, శ్లోకము ఎచటనున్నదో వ్రేలితో చూపవచ్చును. రావడము మానిన వాని ఇంటికి ఒకరు వెళ్ళి, బరువు మాట ఎత్తక, "రేపు కలిసి నడుద్దాము" అని పిలువవచ్చును.